మా మేనల్లుడికి హస్కీ కావాలట

మా తమ్ముడి కొడుకు ఆరో తరగతి. సంక్రాంతికి వచ్చినప్పటి నుంచి వాడిది ఒకటే పాట: "అత్తా, హస్కీ కుక్కని కొనమని డాడీకి చెప్పవా, నువ్వు చెప్తే వింటాడు." ఫోన్లో వీడియోలు చూపిస్తాడు. నీలం కళ్లు, మొహం మీద ఎవరో కూర్చుని కుంచెతో దిద్దినట్టు తెలుపూ నలుపూ, మంచులో దొర్లడం, యజమానితో వాదనేసుకున్నట్టు ఊళలు పెట్టడం. అది బాగాలేదని అనడానికి నాకే నోరు రాదు. కానీ వీళ్లుండేది మియాపూర్లో నాలుగో అంతస్తు, బాల్కనీలో రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి నిలబడాలి.

వాణ్ణి అనడానికి లేదు, మా ఇంట్లో ఈ జబ్బు మా నాన్నతో మొదలైంది. ఆయనకి అల్సేషియన్ కావాలని ఉండేది. అప్పట్లో జర్మన్ షెపర్డ్ అంటే ఎవరికీ తెలిసేది కాదు, అల్సేషియన్ అంటేనే తెలిసేది. (మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండు వాళ్లకి జర్మన్ అన్న మాటే గిట్టక కుక్క పేరు కూడా మార్చేశారు, ఆ మార్చిన పేరు ఎక్కడెక్కడో తిరిగి భీమవరం దాకా వచ్చింది.) మేము అద్దెకున్న వీధి చివర ఒక కాంట్రాక్టరు గారి ఇంట్లో ఉండేది. నాన్న ఆఫీసు నుంచి వస్తూ సైకిలు ఆపి, గేటు సందులోంచి దాన్ని చూసి, అది ఒక్కసారి మొరిగాక తృప్తిగా ఇంటికొచ్చేవారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకి కావాల్సింది కుక్కతో పాటు ఆ ఇనప గేటూ, దాని మీద "కుక్క ఉన్నది జాగ్రత్త" బోర్డూ, వెనకాల ఒక సొంత ఇల్లూనేమో. అద్దింటి ముందు బోర్డు ఎవరు పెట్టుకుంటారు?

చివరికి అమ్మ "దానికి రోజూ మాంసం నువ్వు వండుతావా" అని ఒక్క మాట అడిగింది, అల్సేషియన్ కథ ముగిసింది. బదులుగా తెల్లటి బొచ్చు కుక్కపిల్ల వచ్చింది, పేరు స్నూపీ. అందరూ పామేరియన్ అనేవాళ్లు, మేమూ అదే నమ్మాం. నిజానికి అది ఇండియన్ స్పిట్జ్, బయటి కుక్కల్ని తెప్పించుకోవడం కష్టమైన ఆ రోజుల్లో మన దేశమంతా పామేరియన్ పేరుతో తిరిగింది ఆ జాతే. రెండు పూటలా పెరుగన్నం తిని, పోస్ట్‌మ్యాన్ని తప్ప ఎవర్నీ ఏమీ అనకుండా 14 ఏళ్లు బతికింది. దాన్ని ఎవరూ కలలు కనలేదు పాపం, కానీ మా ఇంట్లో అంతకంటే సుఖంగా ఇమిడిపోయిన ప్రాణి ఇంకోటి లేదు, మా నాన్నతో సహా.

తర్వాత 2003లో హచ్ అనే ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చింది, పిల్లవాడి వెనకాల బుడిబుడి నడకల పగ్. ఆ ఏడాది నుంచి ప్రతి కాలనీలోనూ పగ్గే. పగ్ అన్న పేరు కూడా తెలీకుండా "హచ్ కుక్క ఉందా అండీ" అని అడిగి కొనుక్కున్నవాళ్లు నాకు తెలుసు. ఆ ముడతల మొహం, పసిపిల్లాడిలా పెద్ద కళ్లు చూస్తే ఎవరికైనా ఎత్తుకోబుద్ధవుతుంది, అందులో తప్పేం లేదు. కానీ కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చే ఒంట్లో వేడి దించుకుంటుంది. ఆ వగర్చే ముక్కునే మనిషి ముద్దుగా ఉందని తరతరాలుగా నొక్కి నొక్కి చప్పిడి చేశాడు. మే నెల బెజవాడలో ఆ ముక్కుతో ఊపిరి తీసుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి. మనకి ముద్దొచ్చే ఆ గురక, పాపం దానికి ఊపిరి చాలకే.

హస్కీ సంగతికొస్తాను. కొండాపూర్లో నా పాత కొలీగ్ ఇంట్లో ఒకటుంది. కిందటేడు మేలో వాళ్లింటికెళ్తే కుక్క కనిపించలేదు. ఎక్కడుందంటే బాత్రూమ్ తలుపు తీసి చూపించింది. నాలుగు కాళ్లూ బారజాపి తడి టైల్స్ మీద పొట్ట ఆనించి పడుకుని ఉంది, మా వైపు ఒక కన్ను మాత్రం తిప్పి చూసి మళ్లీ మూసుకుంది. బెడ్‌రూమ్‌లో ఏసీ 18లో పెట్టి ఉంది, అది పగలంతా దాని కోసమే, కరెంటు బిల్లు అడగొద్దంది. సోఫా మీంచి లేస్తే నా నల్ల కుర్తీ తెల్లదైంది. "బొచ్చు తీయించెయ్యొచ్చుగా" అన్నాను. అలా చెయ్యకూడదట, ఆ రెండు పొరల బొచ్చు చలినే కాదు, ఎండని కూడా కొంత ఆపుతుంది, గొరిగేస్తే చర్మం మాడుతుంది. పొద్దున అయిదింటికి ఒక గంట, రాత్రి తొమ్మిది తర్వాత ఒక గంట పరిగెత్తించాలి. ఒక్కరోజు మానేస్తే సోఫా కుషన్ ఉండదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాత్రి ఊళల గురించి రోజూ పంచాయితీ. అదంతా చెప్పి, వెంటనే బాత్రూమ్‌లోకెళ్లి దాని మెడ కావలించుకుని కూర్చుంది. ఇష్టం లేక కాదు కదా బాధ.

హస్కీ తప్పేం ఉంది ఇందులో? సైబీరియా తూర్పు కొసన చుక్చీ అనే జనం మంచు మీద బండి లాగడానికి పెంచుకున్న కుక్క అది. 1925 చలికాలంలో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో డిఫ్తీరియా వస్తే, బండి మార్చి బండి, 150 దాకా కుక్కలు సుమారు 1,085 కిలోమీటర్ల మంచు దాటి అయిదున్నర రోజుల్లో మందు చేర్చాయి. అందులో పేరు పడ్డ టోగో, బాల్టో రెండూ ఈ జాతివే. చివరి అంచె లాగి ఊళ్లోకొచ్చిన బాల్టోకి న్యూయార్క్‌లో విగ్రహం పెట్టారు గానీ అందరికంటే ఎక్కువ దూరం, ఎక్కువ ప్రమాదంలో లాగింది టోగో. (కుక్కల్లో కూడా క్రెడిట్ చివర్లో వచ్చినవాడికే.) మరి అలాంటిదాన్ని తెచ్చి టూ బీహెచ్‌కేలో పెడితే, ఆ లాగే బలం ఎక్కడికి పోతుంది? కుషన్ లోకి పోతుంది. మనం మొహం చూసి తెచ్చుకుంటాం, దాని ఉద్యోగం కూడా వెంటే వస్తుంది.

ఇదంతా పక్కవాళ్ల గురించి చెప్తున్నానని అనుకోకండి, మేమూ అలాగే తెచ్చుకున్నాం. మాది లాబ్రడార్, ఆడది, నిగనిగలాడే నలుపు చూసి మా ఆయన నేరేడు అని పేరు పెట్టారు. లాబ్ అంటే నాకు నచ్చిందేంటంటే ఆ మొహంలో అనుమానం అనేది ఉండదు. దొంగ వచ్చినా బంతి తెచ్చి ఇస్తుంది. ఒకప్పుడు కెనడా న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరులతో పాటు నీళ్లలో దూకి వలలూ చేపలూ అందించిన కుక్కల సంతతి, అందుకే ఏదో ఒకటి నోట్లో పెట్టుకోకుండా ఉండలేదు. మా ఇంట్లో చెప్పులు జతగా దొరకవు.

ఇక తిండి. ఒకసారి ఆత్రేయపురం నుంచి మా ఆడపడుచు పూతరేకులు పంపింది, నెయ్యీ బెల్లం, పది ఉన్న డబ్బా. డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఫోన్ ఎత్తడానికి వెళ్లాను. రెండు నిమిషాలు. వచ్చేసరికి డబ్బా నేల మీద, ఇది దాని పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది, ఏమీ ఎరగనట్టు గోడకేసి చూస్తోంది, నల్లటి ముక్కు మీద మాత్రం తెల్లటి రేకు ముక్క ఒకటి అతుక్కుని, ఊపిరి తీసినప్పుడల్లా రెపరెపలాడుతోంది. చుట్టిన కాగితాలు కూడా లేవు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే నవ్వి, రెండు రోజులు కనిపెట్టి ఉండమన్నారు. 2016లో కేంబ్రిడ్జి వాళ్లు తేల్చిన సంగతేంటంటే, లాబ్‌లలో సుమారు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లేదట, కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగ్గా అందదు. నేరేడుకి పరీక్ష చేయించలేదు గానీ నాకు అక్కర్లేదు, పూతరేకుల డబ్బా చాలు.

దీన్ని కొన్న కథ కూడా చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుందని. అమ్మినాయన (పేరెందుకులెండి) ఫోన్లోనే "డబుల్ బోన్ మేడమ్, ఇంపోర్ట్ లైన్, షో క్వాలిటీ" అన్నాడు. డబుల్ బోన్ అంటే ఒంట్లో ఎముకలు రెండింతలుంటాయా అని మా ఆయన్ని అడిగితే ఆయనకీ తెలీదు, ఇద్దరం గొప్పగా తలూపాం. 15 వేలు. 45 రోజుల పిల్ల, మొదటి టీకా అయింది అని కార్డు చేతిలో పెట్టాడు. తల్లిని చూపించమంటే "ఫామ్‌లో ఉంది, ఇంకోసారి రండి" అన్నాడు. మూడో రోజు వాంతులు, రక్తంతో విరేచనాలు, ఆ వాసన ఒకసారి తెలిస్తే మర్చిపోరు. పార్వో, కుక్కపిల్లల్ని పట్టుకునే వైరస్ జబ్బు. డాక్టరు గారు పళ్లు చూసి "దీనికి నెల కూడా నిండలేదమ్మా, ఆ కార్డు మీద రాసింది నమ్మకండి" అన్నారు. అయిదు రోజులు సెలైన్, నా అరచేతికి సరిపోయే కాలికి సూది గుచ్చి, పాత టవల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆరో రోజు నా వేలు నాకింది. అమ్మినాయన అప్పటికే ఫోన్ ఎత్తడం మానేశాడు. కాబట్టి ఏ జాతి అయినా సరే, తల్లిని చూడకుండా, ఎనిమిది వారాలు నిండకుండా తెచ్చుకోకండి. తల్లిని చూపించనన్నవాడికి ఒక దండం పెట్టి వచ్చెయ్యండి.

మిగతా వాటి గురించి నాకు పెద్ద అభిప్రాయాల్లేవు. గోల్డెన్ రిట్రీవర్ అంటే లాబ్‌కి జుట్టు పెరిగితే ఎలా ఉంటుందో అలా, మంచిదే, దువ్వే ఓపిక మీకుంటే. షిట్జూ ముద్దుగా ఉంటుంది, దాని పార్లర్ ఖర్చు నా ఖర్చు కంటే ఎక్కువ. డాబర్‌మన్ని తయారు చేసినాయన జర్మనీలో పన్నులు వసూలు చేసేవాడట, ఆ మొహం చూస్తే ఎవరైనా బకాయి కట్టేస్తారు.

మరి నా కల ఏంటని అడిగితే, చెప్తే నవ్వుతారు గానీ, నాకు జోనంగి కావాలి. పేరు వినని వాళ్లే ఎక్కువ. ముధోల్ కుక్కలకి 2005లో తపాలా బిళ్ల వచ్చింది, సైన్యంలోకీ తీసుకున్నారు, రాజపాళయం కుక్కలంటే తమిళులు ప్రాణం పెడతారు, మన కోస్తా కుక్క గురించి మనకే తెలీదు. చిన్నప్పుడు ఆకివీడు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో వీటిని చూశాను. ఒంటికి అంటుకున్నట్టు పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ఎప్పుడూ ఏదో లెక్క వేస్తున్నట్టు ముడతలు, సన్నటి కాళ్లు. మామూలు కుక్కలా మొరగదు, గొంతులో రాగం తీసినట్టు వింత కూత. ఇసకలోనో మట్టిలోనో గొయ్యి తవ్వుకుని అందులో చల్లగా పడుకుంటుంది, ఏసీ దానికదే చేసుకుంటుందన్న మాట. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని తోలడం దీని పని. పొలాలు చేపల చెరువులయ్యాయి, బాతులు తగ్గాయి, పని లేని కుక్కని ఎవరు పెంచుతారు, అలా ఇవీ తగ్గిపోయాయి.

ఏప్రిల్ చివర్లో సెలవులివ్వగానే మేనల్లుణ్ణి తీసుకుని ఊరెళ్లాను. దాళ్వా కోతలైపోయాయి, మోళ్ల మీద నీళ్లు పెట్టిన చోట బాతులు, రెండొందలు ఉంటాయేమో. గట్టు మీద ఒకాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు, అవతలి పక్కన గోధుమ రంగు కుక్క ఒకటి. ఆయన నాలిక మీద టక్‌మని చిన్న చప్పుడు చేశాడు, అంతే. కుక్క మొరగలేదు, కరవలేదు, వొంగి ఒక అర్ధచంద్రంలా పరిగెత్తింది, చెల్లాచెదురుగా ఉన్న బాతులన్నీ గొణుక్కుంటూ ఒక ముద్దయి కాలవ వైపు కదిలాయి. విడిగా మిగిలిన ఒక్కదాని వెనక్కి వెళ్లి ఊరికే నిలబడింది, బాతు సిగ్గుపడి మందలో కలిసింది. మావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఫోన్ తియ్యడం కూడా మర్చిపోయాడు, అది నేను గమనించాను.

"అంకుల్, దీన్ని అమ్ముతారా? ఎంత?" అని అడిగాడు.

ఆయన నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూసి, "అమ్మడానికేముంది బాబూ, ఇచ్చేస్తాను. రేపట్నుంచి బాతుల్ని నువ్వు తోల్తావా మరి?" అన్నాడు.

నాకు అడిగే ధైర్యం అక్కడే పోయింది. తిరిగొచ్చేప్పుడు బండిలో వాడేం మాట్లాడలేదు, భీమవరం దాటాక నిద్రపోయాడు. హస్కీ గోల వదిలిందని సంబరపడ్డాను. నిన్న రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఏం చూపించావే వాడికి? హస్కీ అడగట్లేదు, బాతులు కావాలంటున్నాడు. పది చాలట, బాల్కనీలో పట్టేస్తాయట."