స్కీ క్యాంపుకు పిల్లల్ని పంపుతున్నారా? ముందు బూటు సంగతి చూడండి

బెంగళూరులో క్రిస్మస్ సెలవులు దగ్గర పడగానే మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "పాపను స్కీ క్యాంపుకు పంపుదామనుకుంటున్నామండీ, ఏమేం కొనాలి?" కాళ్లకు పొడవాటి పలకలు (స్కీలు) బిగించుకుని మంచు వాలు మీద జారడం నేర్పే శిబిరం ఇది. కొనడం తర్వాత, ముందు తేదీలు చూడండి. డిసెంబరు ఆఖర్లో ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనైనా కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లోనైనా నేర్చుకోవడానికి సరిపడా మంచు ఉంటుందన్న భరోసా లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో చాలా రోజులు మంచే పడలేదు. 2025లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా మంచు పోటీలు ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా కాస్త నమ్మదగిన కాలం. పరీక్షల గోల లేని చిన్న తరగతుల పిల్లలకైతే ఫిబ్రవరిలో ఓ వారం బడి మానిపించడమే మంచిదని మా అభిప్రాయం. మంచు పడకపోతే డబ్బు తిరిగి ఇస్తారా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి.

ఇక బూటు. స్కీయింగ్‌లో పిల్లలు ఏడ్చేది పడినందుకు కాదు, కాళ్లు నొప్పెట్టి, చలికి మొద్దుబారి. దానికి కారణం తొంభై పాళ్లు బూటే. జూన్‌లో స్కూలు బూట్లు కొన్నట్టు "పెరిగే పిల్ల కదా" అని ఒక సైజు పెద్దది ఇప్పిస్తాం. స్కీ బూటు దగ్గర ఆ లెక్క పూర్తిగా తప్పు. వదులు బూటులో పాదం కదలకుండా ఉండాలని పిల్ల వేళ్లు ముడుచుకుంటుంది. అది చూసి మనం బకిళ్లు ఇంకా బిగిస్తాం. రక్తం ఆడక వేళ్లు చల్లబడతాయి. పైగా మడమ లేచిపోతుంటే మోకాలు వంచినా ఆ బలం స్కీకి అందదు, పిల్ల భయపడి వెనక్కి వాలుతుంది, స్కీలు ముందుకు దూసుకుపోతాయి.

కొలత ఇంట్లోనే తీసుకోండి. గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబెట్టి, గోడ నుంచి పొడుగాటి వేలి కొస దాకా సెంటీమీటర్లలో కొలవండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. స్కీ బూటు నంబరు అదే: పాదం 20.5 సెం.మీ. అయితే బూటు 20.5. మామూలు చెప్పుల సైజు చెబితే అద్దె కొట్టువాడు అందాజుగా ఏదో చేతికిస్తాడు.

కొట్లో బూటు లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగేసి, ఉత్త ప్లాస్టిక్ షెల్‌లో పాదం పెట్టించండి. వేళ్లు ముందు గోడకు తగిలేలా జరిపి, మడమ వెనక మీ వేలు పెట్టి చూడండి. ఒక వేలు దూరితే సరిగ్గా ఉన్నట్టు. పిల్లలకు రెండు వేళ్ల దాకా పర్వాలేదు, మూడు దూరితే ఆ బూటు వద్దు. తర్వాత లైనర్ పెట్టి తొడిగి, మడమను నేలకేసి రెండుసార్లు కొట్టించి, ముందు చీలమండ దగ్గరి బకిల్ బిగించండి. వేళ్ల మీది బకిల్ ఊరికే పడితే చాలు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచి ముందుకు వాలితే కొంచెం వెనక్కి రావాలి. వాలినప్పుడు మడమ లేస్తే సైజు మార్చమనండి.

లోపల సాక్సు ఒక్కటే, పల్చటిది, మోకాలి దాకా వచ్చేది. అమ్మమ్మలు రెండు జతలు వేయమంటారు, వాళ్ల ప్రేమ అది. కానీ రెండు వేస్తే మడత పడి బొబ్బలొస్తాయి, పాదం నొక్కుకుపోయి ఇంకా చల్లబడుతుంది. థర్మల్ పాంటు అంచు బూటులోకి పోకూడదు, పిక్క మీద గీరుకుపోతుంది. రాత్రి లైనర్లు తీసి ఆరబెట్టండి, హీటరుకు ఆనించి మాత్రం కాదు. బూట్లు వరండాలో వదిలేస్తే తెల్లారేసరికి ప్లాస్టిక్ బిగుసుకుపోయి కాలు దూరదు.

బూట్లు, స్కీలు అద్దెకే తీసుకోండి. మొదటిసారి వేసుకునేవాళ్లకు స్కీ నిలబెడితే ఛాతీకీ గడ్డానికీ మధ్యకు రావాలి. బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే బిగింపును బైండింగ్ అంటారు. దాని మీద చిన్న కిటికీలో ఒక అంకె కనిపిస్తుంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు చూసి దాన్ని తిప్పుతారు. పాతిక కిలోల పిల్లకు అది సాధారణంగా 2 లోపే ఉంటుంది. అంతకుముందు పెద్దవాళ్లకు పెట్టిన 6 అలాగే వదిలేస్తే పడినప్పుడు స్కీ ఊడదు, కాలు మెలిపడుతుంది. ఆ అంకె మీ కళ్లతో చూడండి.

బట్టల్లో నూలు వద్దు. చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆగిన వెంటనే వణుకు పుడుతుంది. ఒంటికి సింథటిక్ లేదా మెరినో ఉన్ని, పైన ఫ్లీస్, ఆపైన నీళ్లు దిగని జాకెట్, పాంటు. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో పెద్ద క్రీడా దుకాణాల్లో అడిగి చూడండి. ఉన్ని గ్లవుజులు మంచులో పది నిమిషాలకే తడుస్తాయి, నీళ్లు దిగని మిటెన్లు (నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే గ్లవుజులు) రెండు జతలు పెట్టండి. మంకీ క్యాప్ మీద హెల్మెట్ కూర్చోదు, సైకిల్ హెల్మెట్ పనికిరాదు. తాజా మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, కాబట్టి గాగుల్స్ తప్పనిసరి, సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాయాలి.

బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తు, గుల్మార్గ్ సుమారు 2,650. అదే రోజు విమానం దిగి పైకి వెళ్లకుండా, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేలా శ్రీనగర్‌లో ఒక రాత్రి ఆగండి. తలనొప్పి, వాంతి, అన్నం వద్దనడం కనిపిస్తే ఆ రోజు స్కీ బంద్, తగ్గకపోతే కిందికి దించేయాలి. చలిలో పిల్లలకు దాహం తెలియదు. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు, జేబులో పల్లీ పట్టీ ఉండాలి. రాత్రి మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

మొదటి రోజు పిల్లకు చేత్తో పట్టుకునే స్కీ కర్రలు ఇవ్వలేదని గొడవపడకండి, చిన్నపిల్లలకు ఇవ్వరు. బూట్లతో నడక, ఒక్క స్కీతో జారడం, పక్కకు మెట్లెక్కినట్టు ఎక్కడం, తర్వాత స్నోప్లౌ: స్కీల ముందు కొసలు దగ్గరకు, వెనక కొసలు దూరంగా, నాగలి కర్రులా. ఆగడం దీంతోనే. కొసలు ఒకదానిమీదొకటి ఎక్కుతున్నాయంటే మోకాళ్లు దగ్గరకు నొక్కుతోందన్నమాట. పడితే లేపడానికి పరుగెత్తకండి. స్కీలు రెండూ వాలుకు అడ్డంగా, ఒంటికి కింది వైపున ఉండేలా తిప్పుకుంటే పిల్ల తనే లేస్తుంది. వాలు వెంబడి స్కీలుంటే మీరు లేపినా మళ్లీ జారుతుంది.

వెళ్లే ముందు ఆరు వారాలు లిఫ్టు మానేసి మెట్లెక్కించండి, రోజూ గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు అర నిమిషం నిలబెట్టండి. స్కేటింగ్ వచ్చిన పిల్లలకు నిలదొక్కుకోవడం త్వరగా వస్తుంది, ఆగే పద్ధతి మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సిందే.