శాన్ జిమిన్యానో రాతి టవర్లు, 1:200 నమూనా: ఎనిమిది వారాల పని

1, 2 వారాలు

ఇటలీలోని టస్కనీలో గుట్ట మీదున్న ఈ ఊరంతా కట్టాలంటే ఏ బల్లా చాలదు. అందుకని బావి ఉన్న చిస్టెర్నా కూడలి, దాన్ని ఆనుకున్న డువోమో (పెద్ద చర్చి) కూడలి వరకే తీసుకున్నాం. అడుగున 60×50 సెంటీమీటర్ల ప్లైవుడ్, 12 మిల్లీమీటర్ల మందం. సన్నటి ప్లైవుడ్ తడి తగిలితే వంగుతుంది.

ఒకప్పుడు ఈ ఊళ్ళో 72 దాకా టవర్లు ఉండేవంటారు, ఇప్పుడు 14 నిలిచాయి. టోర్రె గ్రోస్సా ఎత్తు 54 మీటర్లు, మన స్కేలులో 27 సెంటీమీటర్లు. రోన్యోసా అనే మరో టవర్ సుమారు 51 మీటర్లు, అంటే 25.5. ఈ ఒకటిన్నర సెంటీమీటరు తేడా తప్పితే నమూనాయే తప్పినట్టు. రోన్యోసాను మించి ఎవరూ కట్టకూడదని 1255లో కట్టడి పెట్టారు. 1311లో పూర్తయిన గ్రోస్సా పురపాలక భవనం తాలూకు టవర్, అది ఆ గీత దాటింది. ఫోటోలు చూసి ఎత్తులు అంచనా కట్టొద్దు, కింద నుంచి తీస్తే దగ్గరున్నదే పొడుగ్గా కనబడుతుంది.

3 నుంచి 5 వారాలు

గోడలకి 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు. మూలలు 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తేనే లోపలి తెల్ల ఫోమ్ బయటపడదు. బ్లేడు పది కోతలకోసారి మార్చాలి, మొద్దుబారితే ఫోమ్ చిరిగి అంచు పళ్ళు పళ్ళుగా వస్తుంది. అతికించడానికి ఫెవికాలే మేలు, రబ్బరు గమ్ము ఫోమ్‌ని తినేస్తుంది. స్ప్రే పెయింటూ అంతే.

మొదట నిలబెట్టిన గ్రోస్సా ఒరిగిపోయింది. నాలుగున్నర సెంటీమీటర్ల అడుగుకి అర మిల్లీమీటరు ఎత్తుపల్లం ఉన్నా పైకొన 3 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. ఊడదీసి, అడుగుని గరుకు కాగితం మీద రుద్ది, రెండు వైపులా మూలమట్టం ఆనించి రాత్రంతా ఆరనిచ్చాక నిలబడింది.

ఈ టవర్లకి అందం తెచ్చేవి గోడల్లోని చదరపు బెజ్జాలు, కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చినవి. మన స్కేలులో ఒక్కోటి మిల్లీమీటరు. మేకు కొనని ఆకురాయితో చదరంగా అరగదీసి గుచ్చాలి. పరంజా మట్టం మట్టంగా పైకి లేచింది కాబట్టి బెజ్జాలు కూడా వరసల్లోనే ఉండాలి. గోడలు అతికించకముందే పెన్సిలు గీతలు గీసుకోవాలి. ఎలా పడితే అలా గుచ్చితే రాతి గోడకి చెదలు పట్టినట్టుంటుంది.

6వ వారం

రంగు: ఆక్రిలిక్ తెలుపు 6 పాళ్ళు, పసుపు ఆకర్ (పసుపు మట్టి రంగు) 3, రా అంబర్ (ముదురు గోధుమ మట్టి రంగు) 1. సాయంత్రపు ఫోటోల్లో రాయి బంగారంలా మెరుస్తుంది, దానికి లొంగిపోవద్దు. పట్టపగలు అది బూడిద కలిసిన గోధుమ రంగే. బోర్డు వంగకుండా లోపలి వైపు కూడా ఒక పూత వెయ్యాలి. ఈ ఒక్క పూత మాత్రం గోడలు అతికించకముందే వెయ్యాలి, ఆ తర్వాత చెయ్యి దూరదు.

7, 8 వారాలు

పెంకుల కప్పుకి అట్టపెట్టెల్లోని మడతల అట్ట పనికిరాదు, ఆ మడతలు ఈ స్కేలుకి మరీ లావు. 250 జీఎస్ఎమ్ కార్డు మీద మిల్లీమీటరుకొక గీత నొక్కితే చాలు. చిస్టెర్నాలో ఇటుకల్ని నిలువు అంచు మీద పెట్టి చేపముల్లులా పరిచారు. ఒక్కో ఇటుకనీ చూపించడం కుదరదు. కుట్టుసూదితో ఏటవాలు గీతలు అటూ ఇటూ గీసి, పలచటి ఎర్రమట్టి రంగు నీళ్ళలా పారించి తుడిస్తే దూరానికి అలాగే కనిపిస్తుంది. కూడలి నేల వాలుగా ఉంటుంది. అందుకే ముందు అట్టముక్కలు పేర్చి వాలు తెచ్చి, దాని మీద నేల అతికించాం.

మిగిలింది బావి. 1273లో కట్టి 1346లో పెంచినది, ఎనిమిది భుజాల అరుగు మీద ఉంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల అట్టని అదే ఎనిమిది భుజాల ఆకారంలో ఒకదానికంటే ఒకటి చిన్నగా కోసి పేర్చాలి. బావి రాతి అంచుకి తాళ్ళు కోసిన గాట్లున్నాయి. రంగు పూర్తిగా ఆరాక సూదిమొనతో నాలుగైదు గాట్లు పెట్టాలి, పచ్చిగా ఉండగా పెడితే మూసుకుపోతాయి.