బ్లౌ పటం కొనడానికి ముందు కాగితం చదవడం నేర్చుకున్నాను

నేను వెతికింది డచ్ పటాల తయారీదారు విల్లెం బ్లౌ 1635 నాటి అట్లాస్‌లో అచ్చేసిన పటం. ఇండియా నుంచి న్యూ గినీ దాకా ఉంటుంది, మన కోరమాండల్ తీరం కూడా అందులోనే. బ్లౌ 1633 నుంచి డచ్ ఈస్టిండియా కంపెనీకి పటాలు తయారుచేసే అధికారి. ఆ కంపెనీకి అప్పటికే మచిలీపట్నంలో కోఠీ (వర్తక స్థావరం) ఉంది. మాది బందరే, అందుకే మనసు ఈ పటం మీద పడింది.

ఉద్యోగం ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో. శుక్రవారాలు ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్పౌ అనే కూడలి దగ్గర పాత పుస్తకాల సంత ఉంటుంది. మొదట అక్కడ చవకగా దొరికే విడి పేజీలు వెలుతురుకెత్తి చూడటం అలవాటు చేసుకున్నాను. ఆ కాలపు కాగితాన్ని పాత బట్ట పీలికలతో చేసేవారు. వెలుగులో సన్న గీతలు దగ్గర దగ్గరగా, వాటికి అడ్డంగా మరికొన్ని ఎడంగా కనిపిస్తాయి. గుజ్జును వడకట్టిన తీగల అచ్చు అది. పటాన్ని చెక్కి అచ్చేసిన రాగి రేకు ఒత్తిడికి దాని చుట్టూ పడ్డ పల్లం గోటికి తగులుతుంది. భూతద్దంలో రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఈ కాలపు ముద్రణే.

తర్వాత షాపులకు వెళ్లాను. ఒక చోట "రంగులు ఆనాటివే" అని గట్టిగా చెప్పి ధర బాగా పెంచారు. నేను పటం తిప్పమన్నాను. ముందు వైపు ఆకుపచ్చ నిగనిగలాడుతోంది, వెనక కాగితం తెల్లగా ఉంది. అప్పట్లో ఆకుపచ్చను రాగి చిలుముతో చేసేవారు. కాలం గడిచేకొద్దీ అది కాగితంలోకి దిగి, వెనక గోధుమరంగు మరకగా తేలుతుంది. మరీ ముదిరితే ఆ గీత వెంట కాగితం పెళుసై చిట్లిపోతుంది. మరక లేనంత మాత్రాన రంగు కొత్తదని తేల్చలేం, కానీ ఆ ధర పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి వేరే చోట దొరికింది. వెనక లాటిన్ పాఠం, పేజీ సంఖ్య ఉన్నాయి. బ్లౌ అట్లాసులు లాటిన్, డచ్, ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో వచ్చాయి కాబట్టి ఏ ముద్రణలోదో పట్టుకోవడానికి ఆ వెనక వైపే ఆధారం. మధ్య మడత దగ్గర చిన్న అతుకు వేశారు. ఆకుపచ్చ దిగి వెనక పడ్డ మరక లేతగా ఉంది, కాగితం గట్టిగా ఉంది. ఓడలు, దిక్సూచి గీతలు, శీర్షిక చుట్టూ అలంకారం చూస్తుంటే టెన్షనంతా పోయింది.

ఫ్రేము విషయంలో బేరాలాడలేదు. ఆమ్లం లేని అట్ట, ఎండను ఆపే గాజు వేయించాను. పటాన్ని అట్టకి అంటించనివ్వలేదు, పైఅంచున జపాన్ కాగితపు పట్టీలతో వేలాడదీయించాను. ఇప్పుడు బ్లౌకి గట్టి పోటీదారైన యాన్ యాన్సన్ వేసిన బంగాళాఖాతం పటం కోసం చూస్తున్నాను.