తెల్ల ఉంగరం పచ్చబడితే

పదో పెళ్లిరోజుకు మా ఆయన హైదరాబాద్‌లో కొనిచ్చిన వైట్ గోల్డ్ ఉంగరం ఏడాదిన్నర కాకముందే అరచేతి వైపు పచ్చబడింది. పైన రాళ్ల చుట్టూ తెల్లగానే ఉంది, కింద మాత్రం ఇత్తడి రంగు. మా పక్కింటామె చూసి "అక్కా, మిమ్మల్ని మంచిగ ముంచిన్రు" అని తేల్చేసింది. డబ్బు పోయిందన్న బాధ కంటే, ఈ మాట ఆయనకెట్లా చెప్పాలన్నదే నాకు పెద్ద టెన్షన్.

చెప్పకుండానే బాగుచేద్దామని టూత్‌పేస్ట్ పెట్టి పాత బ్రష్‌తో బాగా తోమాను. ఇంట్లో వెండి పట్టీలకు చేసే పనే కదా అనుకున్నా. పచ్చదనం పోలేదు సరికదా, పక్కలకు పాకింది.

మర్నాడు బిల్లు వెతికి తీస్తే 18 క్యారెట్లని ఉంది. ఉంగరం లోపల భూతద్దంతో చూస్తే 750 అంకె (వెయ్యికి 750 పాళ్లు బంగారం, అంటే 18 క్యారెట్లే), పక్కన హెచ్‌యూఐడీ, అంటే హాల్‌మార్క్ వేసిన ఒక్కో నగకూ అక్షరాలు, అంకెలు కలిపి ఇచ్చే ఆరు గుర్తుల కోడ్, కనిపించాయి. హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ కోడ్ కొట్టాను. అదే స్వచ్ఛత చూపించింది. అంటే బంగారం సరైనదే. మరి ఈ రంగేమిటి?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా అత్తమ్మకు తెలిసిన అవుసలాయన (కంసాలి) ఉంటే తీసుకెళ్లాను. ఆయన ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "బంగారం పచ్చగ ఉండక ఎట్లుంటది బిడ్డా? మీద ఉన్న రోడియం అరిగింది, గంతే."

తెల్లగా పుట్టే బంగారం లేనే లేదట. నూటికి 75 పాళ్ల బంగారంలో పెల్లాడియమో, నికెలో ఏదో ఒక తెల్లటి లోహం కలిపితే రంగు తగ్గుతుంది కానీ లేత పసుపు ఛాయ మిగులుతుంది. అది కనపడకుండా రోడియం పూత వేస్తారు. రోడియం ప్లాటినం జాతి లోహం. గట్టిది, గాలికి నల్లబడదు. (తర్వాత చదివితే తెలిసింది, దాని లవణాలు గులాబీ రంగులో ఉంటాయని గ్రీకులో గులాబీ పేరే పెట్టారట. తెల్లటి లోహానికి!) కానీ పూత మందం మామూలుగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. బస్సు కడ్డీ, బిందె అంచు, గిన్నెల పీచు... రాపిడంతా అరచేతి వైపే కాబట్టి ముందు అక్కడే పోతుంది. మిగిలిన దాన్ని నా టూత్‌పేస్ట్ గీకేసింది.

మళ్లీ రోడియం పూత వేసే ఏర్పాటు (రోడియం పాలిష్ అంటారు) ఆ అవుసలాయన దగ్గర లేదు. "నెలకు ఒకటో రెండో వస్తయి, అంత ఖరీదు నీళ్లు తెచ్చిపెట్టుకొని ఏం జేయాలె?" అన్నాడు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌కు పొమ్మని, ఇచ్చే ముందు తూకం చీటీ రాయించుకోమని చెప్పాడు.

ఇక మా ఆయనకు చెప్పక తప్పలేదు. "అరె, ఆ సంగతి కొన్నప్పుడే షాపాయన చెప్పిండు. నీకు చెప్పుడు నేనే మర్చిన" అన్నాడు! నా నాలుగు రోజుల నిద్ర ఎవరిస్తారు?

పాట్ మార్కెట్‌లో ఒక పిల్లవాడు ముందు రాళ్లు కదులుతున్నాయేమో చూశాడు. వదులుగా ఉంటే, ధ్వని తరంగాలతో నీళ్లను అదిరించి నగలు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో ఊడిపోతాయట. ముత్యాలు, పగడాలు ఉన్న నగలైతే అసలు అందులో వేయరు. తర్వాత చక్రం మీద గీతలు పోయేదాకా మెరుగు పెట్టి, కడిగి, ఆవిరి కొట్టి, రాగి తీగకు వేలాడదీసి కరెంటు పెట్టిన రోడియం ద్రావణంలో ముంచాడు. ముంచడం నిమిషం కూడా పట్టలేదు; ముందు శుభ్రం చేయడానికే సమయమంతా. జిడ్డు మిగిలితే పూత పట్టదన్నాడు. పక్కనే ఎవరివో రెండు రంగుల కమ్మలు, పచ్చగా ఉండాల్సిన చోట నెయిల్ పాలిష్ లాంటిది పూసి ముంచుతున్నారు. అది చూస్తూ నిలబడిపోయాను.

ఇప్పుడు గిన్నెలు తోమేటప్పుడు, శానిటైజర్ రాసుకునేటప్పుడు ఉంగరం తీసేస్తున్నా. పదిహేను రోజులకోసారి గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో తుడుస్తా. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి కాబట్టి చివర ఫిల్టర్ నీళ్లు పోస్తా. వేరే నగలు రాసుకోకుండా విడిగా చిన్న సంచిలో పెడుతున్నా. ఎంత చేసినా ఏడాది, రెండేళ్లకు మళ్లీ పాలిష్ తప్పదన్నారు.

ఇదంతా తెలిశాకే ఇంకో సంగతి వెలిగింది. అత్తమ్మ కొత్త వెండి పట్టీలు అక్కడక్కడ మచ్చలుగా నల్లబడ్డాయి. వాటి మీదా రోడియమే, అది అరిగిన చోటే వెండి నల్లబడింది. తోమింది నేనే. ఇప్పుడామె వాటిని నన్ను ముట్టనివ్వడం లేదు.