వయసు మచ్చా? నీటి మచ్చా?

పాత వాచీలు సేకరించేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని గొడవ ఒకటుంది. డయల్ రంగు మారినా, మచ్చలు పడినా దాన్ని వయసు అనాలా, పాడైపోవడం అనాలా? ఒకే ఫొటో చూసి ఒకరు "అబ్బ, ఏం పాటినా!" (కాలంతో వచ్చిన అందమైన రంగు) అని మురిసిపోతారు. పక్కనున్నాయన "లోపలికి నీళ్ళు పోయాయి, వదిలేయండి" అంటాడు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ మార్పు దేనివల్ల వచ్చిందో తేల్చాలి. వెలుతురు వల్లా, తేమ వల్లా, లేక ఎవరి చెయ్యైనా పడిందా?

వెలుతురు సంగతి ముందు చెప్తాను. 1950, 60లలో తయారైన నల్ల డయళ్ళు కొన్ని కాలక్రమంలో గోధుమ రంగుకు తిరిగాయి. వీటినే ట్రాపికల్ డయళ్ళు అంటారు. రోలెక్స్ సబ్‌మెరైనర్, జీఎంటీ-మాస్టర్, ఒమేగా స్పీడ్‌మాస్టర్ పాత మోడళ్ళలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. ఆనాటి రంగుల్లో కొన్ని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేకపోయాయి. అలాంటి డయల్‌ను భూతద్దం కింద పెట్టి చూడండి. రంగు మారి ఉంటుంది గానీ పైపొర నున్నగానే ఉంటుంది. అక్షరాల అంచులు చెక్కుచెదరవు. దీన్ని నేను నిస్సంకోచంగా వయసు అంటాను.

తేమ పని చేసే తీరు వేరు. పాత వాచీల్లో క్రౌన్ (3 అంకె పక్కన టైము తిప్పే పిడి) దగ్గరుండే రబ్బరు రింగు ఎండి బిరుసెక్కుతుంది. ప్లాస్టిక్ అద్దం అంచు వదులవుతుంది. తేమ ఆ దారుల్లోనే లోపలికి వెళ్తుంది కాబట్టి మచ్చ చాలాసార్లు 3 అంకె వైపు నుంచో, డయల్ అంచు నుంచో మొదలవుతుంది. మచ్చ చుట్టూ గీత గీసినట్టు ఒక హద్దు కనిపిస్తుంది. పైనున్న వార్నిష్ ఉబ్బుతుంది, పొర లేస్తుంది, కింద ఇత్తడి బయటపడితే పచ్చటి చిలుము పడుతుంది. పైగా తేమ లోపల ఉన్నంతకాలం ఆ పని సాగుతూనే ఉంటుంది. అంకెల దగ్గరి లూమ్ (చీకట్లో వెలిగే రంగు) పొడిపొడిగా రాలి మెషిన్‌లో పడుతుంది కూడా.

నా దగ్గరున్న 1960ల నాటి ఒమేగా సీమాస్టర్‌లో ఈ రెండూ ఒకే డయల్ మీద ఉన్నాయి. ఒకప్పుడు వెండి రంగులో ఉన్న డయల్ మొత్తం సమంగా మీగడ రంగుకు తిరిగింది. అది నాకెంతో ఇష్టం. కానీ 3 అంకె పక్కన ముదురు చుక్కలు గుంపుగా ఉన్నాయి. చూసిన మిత్రులు అవీ పాటినాయే అన్నారు. సర్వీసుకు విప్పినప్పుడు చూస్తే క్రౌన్‌కు ఉండే సన్నటి స్టీలు కడ్డీ, సరిగ్గా ఆ చుక్కల వెనక భాగంలో, తుప్పు పట్టి ఉంది. నా దృష్టిలో ఇక వాదన అక్కరలేదు. మీగడ రంగు వయసు, చుక్కలు నీటి పని.

లూమ్ విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. 1960ల దాకా చీకట్లో వెలగడానికి రేడియం కలిపిన రంగు వాడేవారు. రేడియం అర్ధాయువు సుమారు 1600 ఏళ్ళు. దాంతో కలిపే, అసలు వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రం కొన్నేళ్ళలోనే చచ్చుబడుతుంది. అంటే వెలుగు పోయినా రేడియేషన్ పోదు. వాచీ ఆగిపోయి ఏళ్ళ తరబడి సొరుగులో పడుంటే, ముల్లు ఆగినచోట డయల్ మీద దాని ఆకారంలోనే గోధుమ రంగు నీడ పడుతుంది. ఇది మచ్చే అయినా వయసే అని నా వాదన, ఎందుకంటే బయటినుంచి ఏదీ రాలేదు, వాచీలో ఉన్న పదార్థమే ఆ పని చేసింది. (ఇలాంటి వాచీని ఇంట్లో విప్పి గీకకండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం.) ఆ తర్వాత ట్రిటియం వచ్చింది, 1990ల చివరిదాకా నడిచింది. దాని అర్ధాయువు 12.3 ఏళ్ళు. డయల్ కింద "టీ స్విస్ టీ" అని ఉంటే అదే. కాలం గడిచేకొద్దీ అది మీగడ రంగుకో, ముదురు పసుపుకో తిరుగుతుంది. ముళ్ళ మీదా అంకెల మీదా ఇంచుమించు ఒకే రంగు ఉంటే మంచిది. నల్లగా, బూజు పట్టినట్టు ఉంటే తేమను అనుమానించాలి.

ఇప్పుడు అసలు తగాదా. 1980లలో రోలెక్స్ మెరిసే నల్ల డయళ్ళు కొన్నిటి మీద లక్క పొర చిట్లి, సాలెగూడులా సన్నటి బీటలు వచ్చాయి. వీటికి స్పైడర్ డయల్ అని ముద్దుపేరు పెట్టారు. అదే బీట ఎవరికీ తెలియని కంపెనీ వాచీ మీద ఉంటే చిట్లిపోయిన డయల్ అని పక్కన పెట్టేస్తారు. ఇది నాకు మింగుడు పడదు. ఖరీదైన వాచీ అయినంత మాత్రాన చిట్లిన పొర అతుక్కోదు కదా. దీనికి ఎదురుగా రోలెక్స్‌దే మరో మోడల్ డేటోనా 16520ని చూపిస్తారు. 1990ల నాటి కొన్నిటిలో చిన్న డయళ్ళ చుట్టూ ఉండే వెండి వలయాలు వార్నిష్ వల్ల గోధుమ రంగుకు మారాయి. వీటిని వేలందారు పాట్రిజ్జి పేరు మీద పాట్రిజ్జి డయల్ అంటారు. రెండూ తయారీ లోపాలే, ఒకటి వయసైతే రెండోది ఎందుకు కాదు అని అడుగుతారు. మంచి ప్రశ్నే. నా జవాబు: డేటోనాలో రంగు మారింది, పొర అలాగే ఉంది. స్పైడర్‌లో పొర తెగింది. తెగిన పొర రేపు పెచ్చులూడొచ్చు.

మచ్చకు ధర పలకడం మొదలైతే మచ్చలు తయారుచేసేవాళ్ళూ వస్తారు. డయల్‌ను ఓవెన్‌లో కాల్చడం, యూవీ దీపం కింద పెట్టడం జరుగుతూనే ఉన్నాయి. సహజంగా వెలిసిన డయల్‌ను బయటికి తీస్తే, కేసు అంచు కింద దాగిన సన్నటి వలయంలో పాత నలుపు చాలాసార్లు మిగిలే ఉంటుంది. అక్కడ కూడా అదే గోధుమ రంగు ఉంటే నేను వెనకడుగు వేస్తాను. 2021లో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో గోధుమ రంగు డయల్ ఉన్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ 2915-1 ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. ముందు వేసిన అంచనా 1.2 లక్షలకు మించలేదు. కొన్నది ఒమేగానే. 2023లో ఆ కంపెనీయే, అది వేర్వేరు వాచీల భాగాలతో కూర్చినదని ప్రకటించింది. కళ్ళన్నీ ఆ రంగు మీదే ఉన్నప్పుడు మిగతా వాచీని ఎవరు నిలదీస్తారు?

రీడయల్ గురించి ఒక్కమాట. పాత ముఖాన్ని చెరిపి కొత్తగా రంగువేసి అచ్చు వేయడం ఒకప్పుడు సర్వీసులో మామూలు పనే, మోసమేమీ లేదు. కానీ నిమిషాల గీతలు అంకెలతో కలవవు, అక్షరాలు లావెక్కుతాయి, కింద ఉండాల్సిన "స్విస్" కొన్నిసార్లు మాయమవుతుంది. నీటి మచ్చలున్న అసలు డయల్, తళతళలాడే రీడయల్ పక్కపక్కన పెడితే నేను మచ్చలదే తీసుకుంటాను.

సీమాస్టర్‌కు తుప్పు పట్టిన కడ్డీ, రబ్బరు రింగు మార్పించాను. డయల్‌ను తుడవనివ్వలేదు, ఎందుకంటే తుడిస్తే మచ్చకంటే ముందు అక్షరాలు పోతాయి. ఇప్పుడు ఏ పాత వాచీ కొనాలన్నా అమ్మేవాళ్ళను డయల్ ఫొటో కంటే ముందు వెనక మూత తీసి, క్రౌన్ కడ్డీ వైపు దగ్గరగా తీసిన ఫొటో అడుగుతున్నాను.