బండి కింద పాయింట్లు మార్చకూడదు

సాయంత్రం కాలేజీ వదిలాక, శ్రీకాకుళం రోడ్డు వైపు వెళ్ళే బండి కోసం విజయనగరం జంక్షనులో నిలబడటం నాకు చాలా ఏళ్ళ అలవాటు. విశాఖ వైపు నుంచి వచ్చే బండ్లలో కొన్ని పలాస దారి పడతాయి, కొన్ని బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ దారి పడతాయి. పట్టాలు అవే, పాయింట్లు ఎటు తిరిగి ఉంటే బండి అటు పోతుంది. ఆ పాయింట్లు ఒకసారి కుదిరి తాళం పడ్డాక, చివరి పెట్టె దాటేవరకు ఎవరెంత తొందరపడినా కదలవు. ప్రాసెసర్ల మధ్య దారులను స్విచ్చులతో మార్చే నెట్‌వర్కు ఒకటి కట్టిన మా ఆఖరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టు కిందటేడాది దెబ్బతిన్నది సరిగ్గా ఈ నియమం దగ్గరే.

ఒకే చిప్పు మీద ఎనిమిది చిన్న ప్రాసెసర్లు ఉన్నాయనుకుందాం. అన్నింటికీ ఒకే ఉమ్మడి బస్ (అందరూ పంచుకునే తీగల దారి) ఇస్తే ఒకరు మాట్లాడుతున్నప్పుడు మిగిలినవారు ఊరుకోవాలి. ప్రతివారికీ ప్రతివారితో దారి ఉండేలా క్రాస్‌బార్ వేస్తే 64 కూడళ్ళు కావాలి. ప్రాసెసర్లు 64 అయితే ఆ లెక్క 4096కు చేరుతుంది. ఈ ఖర్చు తగ్గించే ఆలోచన చిప్పుల కంటే పాతది. 1953లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన చార్లెస్ క్లాస్ టెలిఫోను ఎక్స్ఛేంజీల కోసం, చిన్న స్విచ్చులను అంచెలుగా పేర్చి పెద్ద స్విచ్చు పని చేయించే పద్ధతిని లెక్కలతో సహా చూపించాడు.

అలా అంచెలుగా పేర్చే పద్ధతులలో ఒకటైన ఒమేగా నెట్‌వర్కులో ఎనిమిది కొసలకు రెండు దారుల స్విచ్చులు 12 చాలు. ఒక్కో స్విచ్చు నేరుగా అయినా, అడ్డంగా అయినా ఉంటుంది కనుక మొత్తం అమరికలు 4096కు మించవు. ఎనిమిదిమందిని ఎనిమిదిమందితో జతపరచే విధాలేమో 40320. అంటే పదింటిలో ఒక కోరికే తీరుతుంది, మిగిలినవి మధ్యదారిలో ఢీకొంటాయి. బెనెష్ నెట్‌వర్కు ఐదు అంచెలలో 20 స్విచ్చులు పెట్టి ఆ జతలన్నింటినీ సాధిస్తుంది, కానీ కొత్త జత ఒకటి కావాలన్నప్పుడు, ఇప్పటికే నడుస్తున్న దారులను కదిలించవలసి రావచ్చు. పాఠ్యపుస్తకాలు దీనిని 'రీఅరేంజబుల్' (తిరిగి అమర్చుకోదగినది) అనే ఒక విశేషణంతో దాటవేస్తాయి. అసలు కష్టమంతా ఆ విశేషణంలోనే ఉందని నా అభిప్రాయం.

సమాచారాన్ని ప్యాకెట్లుగా, అంటే చిరునామా అంటించిన ముక్కలుగా పంపితే ఈ బెడద లేదు కదా అని అడగవచ్చు. లేదు నిజమే, కానీ ప్రతి కూడలిలోనూ చిరునామా చదవాలి, వరుసలో నిలబెట్టాలి, ఎవరు ముందో తేల్చాలి. ఇంటెల్ 2007లో చూపిన 80 కోర్ల (ప్రాసెసర్ల) పరిశోధన చిప్పులో ఒక్కో గడి, అంటే ఒక కోరు, దాని రౌటరు కలిసి వాడే విద్యుత్తులో సుమారు 28 శాతం సమాచార రవాణాకే పోయింది. ఎవరితో ఎప్పుడు మాట్లాడవలసి వస్తుందో ముందుగా తెలియని పనికి ఆ ఖర్చు తప్పదు. ఫోరియర్ పరివర్తన, మాత్రికల గుణకారం వంటి పనులలో మాత్రం ఎవరి మాట ఎవరికో ప్రోగ్రాము రాసేనాడే తెలుసు. అక్కడ ప్రతి మాటకూ చిరునామా అంటించడం దుబారా.

మా పిల్లలు అందుకే ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూటును మనకు కావలసినట్టు అమర్చుకోగల చిప్పు) బోర్డు మీద ఎనిమిది ప్రాసెసర్లకు బెనెష్ నెట్‌వర్కు కట్టారు. ఒకేసారి పంపే సమాచారం ఒక బ్లాకు; ఒక్కో బ్లాకుకు 16 పదాలు (ఒక్కో పదం కొన్ని బిట్ల గుంపు), క్లాకు కొట్టే ప్రతి దెబ్బకు ఒక పదం. ఫలితాలు కొన్నిసార్లు సరిగ్గా, కొన్నిసార్లు అర్థంలేకుండా వచ్చేవి. రెండు వారాలు ప్రోగ్రామునే అనుమానించాం. చివరికి తేలిందేమిటంటే, స్విచ్చుల బిట్లు (ఒక్కో స్విచ్చు నేరుగా ఉండాలో అడ్డంగా ఉండాలో చెప్పేవి) ఒకదాని వెనుక ఒకటి వరుసగా లోపలికి జరుగుతున్నప్పుడు నెట్‌వర్కు పాత అమరికలోనూ ఉండదు, కొత్త అమరికలోనూ ఉండదు; ఆ సమయంలో నడుస్తున్న బ్లాకు సగం ఒకరికి, సగం ఇంకొకరికి చేరుతుంది. పదాలకు చిరునామా లేదు కాబట్టి, అందుకున్న ప్రాసెసర్‌కు అది తనది కాదని తెలిసే మార్గమే లేదు. మనం మెచ్చుకున్న పొదుపే తప్పును కప్పేసింది.

మందు రైల్వే వాళ్ళదే. కొత్త అమరికను పక్కనున్న రిజిస్టర్లలో (బిట్లు దాచే చిన్న అరలలో) నింపి ఉంచాలి. పంపేవారందరూ పని అయిందని తెలిపాకే, ఒకే క్లాకు దెబ్బకు అన్ని స్విచ్చులూ మారాలి. ఇది కుదిరాక ఇంకో లెక్క బయటపడింది. 20 స్విచ్చుల బిట్లు ఒక్కొక్కటిగా నింపడానికి 20 క్లాకులు, బ్లాకు దాటడానికి 16. అంటే బండి వెళ్ళిపోయినా నాలుగు క్లాకుల పాటు తరువాతి దారి సిద్ధం కాదు. బ్లాకును 32 పదాలు చేస్తే ఆ ఆలస్యం కనబడదు. బిట్లను రెండేసి నింపినా 10 క్లాకులలో అయిపోతుంది. మేము రెండోదే చేశాం.

లారెన్స్ స్నైడర్ 1982లో వివరించిన CHiP (Configurable, Highly Parallel) అనే కంప్యూటరులో ఇంతకంటే సుళువు ఉంది. అందులో ప్రాసెసర్ల చుట్టూ స్విచ్చుల జాలకం ఉంటుంది, ప్రతి స్విచ్చూ కొన్ని అమరికలను తన చిన్న మెమరీలోనే దాచుకుంటుంది, నియంత్రకం ఒక్క ఆదేశం ప్రసారం చేస్తే జాలకమంతా ఒక దశలో గళ్ళుగా, తరువాతి దశలో చెట్టుగా మారుతుంది. ఈ ఏటి పిల్లలలో ఒకమ్మాయి, "మేడమ్, ప్రతి స్విచ్చులో నాలుగు అమరికలు దాస్తే రెండు బిట్లు పంపితే చాలు కదా" అంది. ఆమెకు స్నైడర్ సంగతి తెలియదు. నేను చెప్పనూ లేదు. స్విచ్చుకు నాలుగు చొప్పున 80 బిట్ల మెమరీ కావాలి, బోర్డులో చోటుంది. దసరా సెలవుల తరువాత మొదలుపెడతాం.