బేగంపేట నుంచి ఎగిరిన సర్కారు విమానాలు

2022 జనవరి 27న ఎయిర్ ఇండియా మళ్లీ టాటాల చేతికి వెళ్లినప్పుడు టీవీల్లో, పేపర్లలో ఒకటే కథ. 1932లో జేఆర్‌డీ టాటా టపా సంచులతో కరాచీ నుంచి బొంబాయికి ఎగరడం, 1953లో ప్రభుత్వం తీసేసుకోవడం, 18 వేల కోట్ల బిడ్డు, ఎయిర్ ఇండియా బొమ్మ మహారాజా సొంతింటికి చేరడం. అన్నీ నిజాలే. కానీ ఆ కథలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఊసే లేదు, హైదరాబాద్ అసలే లేదు. బేగంపేటలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని, నాకు ప్రాణం ఉసూరుమంది. మా అక్క కొడుకు కూడా "మీది మహారాజా కంపెనీయే కదా పిన్నీ" అంటాడు. కాదురా నాన్నా. 1953 చట్టంతో ప్రభుత్వం పెట్టినవి రెండు కార్పొరేషన్లు. విదేశాలకు తిరిగేది ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్. దేశంలో ఊళ్లు కలిపేది మాది, టికెట్ మీద ఐసీ అని ఉండేది.

ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ని ఎనిమిది కంపెనీలను కలిపి చేశారు. అందులో ఒకటి మన హైదరాబాద్ కంపెనీ డెక్కన్ ఎయిర్‌వేస్. 1945లో పెట్టారు. పెద్ద వాటా నిజాం స్టేట్ రైల్వేది, మిగతాది టాటాలది. ఇదే రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది, ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే. అంటే రైలూ, బస్సూ, విమానమూ మూడింటి వెనకా ఒకే సర్కారు రైల్వే. దేశంలో విమానాల్ని జాతీయం చేయడానికి ఎనిమిదేళ్ల ముందే మన ఊళ్లో సర్కారు విమాన కంపెనీ ఉంది! టాటాలు 2022లో తిరిగొచ్చారని రాసినవాళ్లలో ఒక్కరైనా, వాళ్లకు బేగంపేటతో ఉన్న ఈ పాత పొత్తు గురించి రాస్తారేమోనని చూశాను.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిన డకోటా విమానాలు కొని, మద్రాసు, ఢిల్లీ, బొంబాయి, బెంగళూరు వైపు తిప్పారు. ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగం ఇచ్చిందీ ఈ కంపెనీయే. లైసెన్సు చేతిలో ఉన్నా ఆడపిల్లని మిగతా కంపెనీలన్నీ కాదన్నాక ఆమె హైదరాబాద్ వచ్చి డకోటాలో కో పైలట్‌గా కూర్చుంది. భారతదేశంలో కమర్షియల్ విమానం నడిపిన మొదటి మహిళ. యూనిఫాం చీర కట్టుకుని, విమానాలు నిలిపే అదే ఏప్రన్ మీద నడిచిన నాకు, ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకి గానీ ఎవరూ ఈ మాట చెప్పలేదు.

మా పని గురించి కూడా ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తాను. నేను ఎక్కువకాలం చేసింది లోడ్ కంట్రోల్. కంప్యూటర్లు రాకముందు బోయింగ్ 737 బయలుదేరుతోందంటే నా టేబుల్ మీద రెండు కాగితాలుండేవి. లోడ్ షీట్‌లో బరువులు: ఖాళీ విమానం, సిబ్బంది, ఇంధనం, ప్రయాణికులు, సామాను, సరుకు. ఆ బరువంతా ఎక్కడెక్కడ కూర్చుందో ట్రిమ్ షీట్ చెప్పాలి. దాని మీద పైనుంచి కిందికి వరసగా గళ్లుంటాయి, సామాను పెట్టే ఒక్కో హోల్డుకి ఒక వరస, క్యాబిన్‌లో ఒక్కో భాగానికి ఒక వరస. పెన్సిల్ గీత పైన మొదలుపెట్టి, ముందు భాగంలో బరువైతే ఎడమకి, వెనక బరువైతే కుడికి అన్ని గళ్లు జరుపుతూ దిగాలి. చివరికి గీత అడుగునున్న చట్రంలో పడాలి, అప్పుడే విమానం తూకంలో ఉన్నట్టు. బయట పడిందా, లోడర్లకి కబురు వెళ్లేది, ఆ హోల్డులోంచి తీసి ఈ హోల్డులో వెయ్యండని. ఎండలో చెమటలు కక్కుతూ సర్దిన పెట్టెల్ని మళ్లీ దింపమంటే వాళ్లకి కోపం రాదూ? "ఏందమ్మా, ఇప్పుడా చెప్పేది" అనేవాళ్లు, అంటూనే దింపేవాళ్లు. తలుపు వేసే ముందు ఒక మనిషి ఎక్కినా, ఒక పెట్టె దిగినా ఎల్ఎంసీ, అంటే ఆఖరి నిమిషం మార్పుల గళ్లో రాసి లెక్క సరిచేయాలి. కెప్టెన్ సంతకం పెట్టాకే విమానం కదిలేది.

బొంబాయి ఫ్లైటులో గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లుంటే సామాను బరువు చూడగానే తెలిసిపోయేది. టేప్ రికార్డర్లు, దుప్పట్లు, తాళ్లు కట్టిన అట్టపెట్టెలు. 1990లో కువైట్ మీద ఇరాక్ పడ్డాక ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి లక్షా పది వేల మందికి పైగా మనవాళ్లని సుమారు రెండు నెలల్లో తెచ్చాయి. బొంబాయిలో దిగి చాలామంది రైళ్లెక్కారు, కొందరు మా విమానాల్లో వచ్చారు. వాళ్లు వచ్చిన రోజుల్లో సామాను అంకె ఎంత చిన్నదిగా ఉండేదో! కరీంనగర్ వెళ్లాల్సిన ఒకాయన చేతిలో ఒక్క ప్లాస్టిక్ సంచీ. బస్సు ఎక్కడ దొరుకుతుందమ్మా అని అడిగాడు. సర్కారు కంపెనీ దండగ అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. అమ్మాన్‌కి విమానం పంపు అంటే లాభమెంత అని అడగకుండా పంపే కంపెనీ దేశానికొకటి ఉండాలి.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల శిక్షణంతా కూడా మన ఊళ్లోనే, ఫిరోజ్‌గూడలోని సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో జరిగేది. ఢిల్లీ, కలకత్తా కెప్టెన్లు సిమ్యులేటర్ పరీక్షకని వస్తూ పోతూ బిర్యానీ పొట్లాలు పట్టుకెళ్లేవాళ్లు.

తర్వాత సంగతి తెలిసిందే. మేం 43 ఎయిర్‌బస్‌లు, ఎయిర్ ఇండియా 68 బోయింగ్‌లు, అప్పులు తెచ్చి కొన్నారు. ఆ భారం నెత్తినుండగానే 2007లో రెండింటినీ కలిపేశారు. జీతాలు వేరు, ప్రమోషన్లు వేరు, విమానాలు వేరు, పని పద్ధతే వేరు. కలపడం తప్పేనని ఇప్పటికీ అంటాను. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్ వెళ్లిపోయాయి, 2011లో ఐసీ కోడ్ కూడా పోయింది. అలయన్స్ ఎయిర్ మాత్రం అమ్మకంలో పోకుండా ప్రభుత్వం దగ్గరే మిగిలింది. 1996లో మా కంపెనీకి అనుబంధంగా పుట్టిన సంస్థ అది. తిరుపతికి దాని చిన్న ఏటీఆర్ విమానం ఎక్కితే నాకు మా వాళ్లింటికి వెళ్లినట్టే ఉంటుంది.

మీ ఇళ్లల్లో డెక్కన్ ఎయిర్‌వేస్ టికెట్టు, టైం టేబుల్, తాతగారు డకోటా పక్కన నిలబడ్డ ఫొటో ఉంటే దయచేసి స్కాన్ చేసి పెట్టండి. ఫొటోలో ఎవరెవరున్నారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి వెనక రాయించండి, ముఖ్యంగా లోడర్ల పేర్లు.